ఎంగిలి గొట్టం

మాస్టారు పోయారని సోమవారం పొద్దున నరసరావుపేట నుంచి మా వినుకొండ ఆస్పత్రికి ట్రంకాల్ వచ్చింది. తడి ఎక్స్‌రే ఫిల్ము పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఆయన నాకు పని నేర్పారంటే చాలదు. నా నోటి దురుసుకు కళ్లెం వేసిందీ ఆయనే.

నరసరావుపేట ఛాతీ ఆస్పత్రిలో ఆయన పెద్ద టెక్నీషియన్, నేను ఆయన కింద పని నేర్చుకునేదాన్ని. ఆ ఆస్పత్రికి ఎవరో దాత ఒక పెట్టె ఇచ్చాడు. బాడీ ప్లెతిస్మోగ్రాఫ్ దాని పేరు. రోగిని ఆ గాజు పెట్టెలో కూర్చోబెట్టి, తలుపు బిగించి, ముక్కుకు క్లిప్పు పెట్టి, నోట్లో గొట్టంతో ఊపిరి కొలిచేవాళ్లం. మాస్టారు రోజూ ముందు పెద్ద సిరంజితో గాలి పంపి మిషన్ సరిచూసేవారు. తలుపు వేశాక లోపలి వేడి కుదురుకునేదాకా నన్ను బటన్ ముట్టనిచ్చేవారు కాదు. మూడుసార్లు ఊదించి, కాగితంమీద వచ్చిన మూడు గీతలూ ఒకదానిమీద ఒకటి పడితేనే రిపోర్టు. "తప్పు రాసేకంటే తెల్లకాగితం ఇవ్వటం నయమమ్మాయ్" అనేవారు.

మూడేళ్ల కిందటి ఎండాకాలం, పిడుగురాళ్ల సున్నపు బట్టీ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. నాలుగడుగులేస్తే ఆయాసం. పని ఎగ్గొట్టటానికి వేషాలేస్తున్నాడని మేస్త్రీ ఫిర్యాదు. ఊపిరి తగ్గిందని రిపోర్టులో తేలితే నీడపట్టున పనిస్తారు. తేలకపోతే మళ్లీ బట్టీ మూతి దగ్గరికే. ఒంటిగంటకు డాక్టరుగారు రిపోర్టు చూస్తారు.

అయిదుసార్లు ఊదించాను. గీతలు తలో దారి పోయాయి. పెదాల పక్కనుంచి గాలి కారిపోతోంది.

"బాబాయ్, పెదాలు గట్టిగా మూయి! బుగ్గలు చేతుల్తో పట్టుకో!" అని అరిచాను.

తలూపుతాడు, మళ్లీ అంతే. గాజు వెనక చెమటలు కక్కుతున్నాడు. పన్నెండు దాటింది. నాకు ఒళ్లు మండి, "సహకరించటం లేదు" అని రాసి పారేశాను. అంటే దొంగ అని రాసినట్టే.

మాస్టారు ఆ కాగితం చదివి తలెత్తారు. వరండాలో మంచినీళ్ల కుండ దగ్గరున్న పెద్దాయన్ని చూస్తున్నారు. గ్లాసు పక్కనే ఉన్నా ముట్టుకోకుండా, ఆయాతో దోసిట్లో నీళ్లు పోయించుకుంటున్నాడు.

"ఏంది పెద్దాయనా, గొట్టానికి పెదాలు ఆనించట్లేదా?" అని అడిగారు మాస్టారు.

"ఎంగిలవుద్ది గందయ్యా. గూడెమోళ్లం మేం మూతి పెట్టింది రేపు పెద్దోళ్లు ఎట్టా పెట్టుకుంటారు?"

మాస్టారిది మడి పట్టింపున్న ఇల్లు. అయినా పెద్దాయన వాడిన గొట్టాన్నే మరిగే నీళ్లలో వేసి కాచి, చల్లార్చి, పెట్టెలోకెళ్లి తన నోట్లో పెట్టుకున్నారు. తలుపెయ్యమని నాకు సైగ చేశారు. తలుపు బిగించాను. పెద్దాయన గాజు దగ్గరికొచ్చి రెప్ప వేయకుండా చూశాడు.

గొట్టం మళ్లీ కాచి పెద్దాయనకిచ్చాం. ఈసారి పెదాలు బిగిశాయి. కొలత కోసం గొట్టంలో షట్టరు పడి గాలి ఆగినప్పుడల్లా నేనూ ఊపిరి బిగబట్టాను. మూడు గీతలూ కలిశాయి. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి. మాస్టారు నా రాత కొట్టేసి, సరైనది రాయమని కలం నా చేతికే ఇచ్చారు. సిగ్గుతో చచ్చిపోయాను.

డాక్టరుగారు బట్టీ పని వద్దని రాసి సంతకం చేశారు. పెద్దాయన ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని అడిగాడు.

"అయితే నేను దొంగేషాలు ఎయ్యలేదని దీంట్లో రాసుందా అయ్యా?"

"ఉంది" అన్నారు మాస్టారు.

పెద్దాయన నవ్వాడు. ఊపిరి చాలక దగ్గుతూ, కాగితాన్ని రొమ్ముకు అదుముకుని నవ్వుతూనే ఉన్నాడు. మాస్టారు గోడవైపు తిరిగి కళ్లజోడు తుడుచుకుంటున్నారు.