బ్లాక్‌టౌన్ గ్రౌండులో మా మేనల్లుడి ఒంటిచేతి క్యాచ్

ఇందుమూలంగా సిడ్నీ రాదలచిన తెలుగువారందరికీ తెలియజేయడమేమనగా: జనవరి ఎండలో అల్యూమినియం బెంచీ మీద తువ్వాలు పరచకుండా కూర్చోరాదు. కూర్చున్నచో లేవరాదు, ఎందుకంటే ప్యాంటుతోపాటు కొంత ఆత్మగౌరవం కూడా బెంచీకే అతుక్కుపోతుంది. ఈ ఉత్తర్వు తక్షణం అమల్లోకి వచ్చును. నేను తెనాలిలో మిక్సీలు బాగుచేసుకునే మనిషిని. పదో తరగతి రెండుసార్లు రాసి, ఆ తర్వాత పేపర్లు దిద్దేవాళ్ళ మీద జాలిపడి మానేశాను. కాబట్టి చట్టాలు చేసే అర్హత నాకు పుష్కలంగా ఉంది.

మా చెల్లెలు పద్మ సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లో ఉంటుంది. దాని కొడుకు చైతన్య యూనివర్సిటీలో రెండో సంవత్సరం. మనకి చలికాలమైన రోజుల్లో ఇక్కడ కాలేజీలకి వేసవి సెలవులు. బేస్‌బాల్ ఆడే పిల్లలు ఊళ్ళోని క్లబ్బుల్లో చేరి వారం వారం మ్యాచీలు ఆడతారు. జీతం లేదు, మాసిన బట్టలు ఉతుక్కునేది కూడా వాళ్ళే. గురువారం ప్రాక్టీసు నుంచి వాడు మొహం వేలాడేసుకుని వచ్చాడు. కాలు బెణికి ఇంట్లో కూర్చున్న పాత ఆటగాడు తిరిగొస్తున్నాడట. ఉన్నది ఒకటే చోటు. శనివారం వీడి ఆట చూసి కోచ్ తేలుస్తాడు. నచ్చకపోతే వీడు రెండో జట్టుకి పోవాలి. ఆరోజు పద్మకి హాస్పిటల్లో డ్యూటీ, బావగారు మెల్‌బోర్న్‌లో ఉన్నారు. నేను వస్తానన్నాను.

"మామయ్యా, ప్లీజ్ డోంట్. యూ విల్ మేక్ మీ నెర్వస్," అన్నాడు.

"నన్ను చూసి నెర్వస్ అవ్వాల్సింది అవతలి జట్టురా," అన్నాను.

వాడు పొద్దున్నే ఫ్రెండు కారులో వెళ్ళిపోయాడు. నేను తొమ్మిదీ నలభైకి స్కోఫీల్డ్స్ స్టేషన్లో టికెట్ మిషనుకి బ్యాంకు కార్డు ఆనించి రైలెక్కాను. బ్లాక్‌టౌన్‌కి పావుగంట కూడా పట్టలేదు, చార్జీ నాలుగు డాలర్లలోపే. అక్కణ్ణుంచి గ్రౌండుకి క్యాబ్ పద్దెనిమిది డాలర్లు. డ్రైవరుది వరంగల్. తెలుగు వినగానే నా నాలుక దురదపెట్టింది.

"ఎటు పోతున్నరన్నా ఇంత ఎండల?"

"బేస్‌బాల్ కోచింగ్‌కి. ఇండియా నుంచి స్పెషల్‌గా పిలిపించారు."

"అట్లనా. మరి బేస్‌బాల్ల ఎన్ని వికెట్లుంటయన్నా?"

"ఏడు," అన్నాను తడుముకోకుండా.

అతను రెండు సిగ్నళ్ళు దాటాక అద్దంలో నన్ను చూశాడు. "మూడేండ్ల సంది ఈ గ్రౌండుకు పిల్లలను దింపుతున్నన్నా. ఒక్క వికెట్ గూడ కనవడలే. మీరు కోచింగ్ ఇచ్చేటప్పుడు జర ఎవలనన్న అడగండ్రి." నా జన్మలో నాకు ఇంత చక్కగా వాత పెట్టినవాడు లేడు.

గ్రౌండులోకి టికెట్ లేదు. అయితే అక్కడొక ఆచారం ఉంది: ప్రతి ఆటగాడి ఇంటివాళ్ళు ఏదో ఒకరోజు గంటసేపు క్యాంటీన్ దగ్గర పనిచెయ్యాలి. షారన్ అని, పిచ్చర్ అంటే బంతి విసిరే కుర్రాడి తల్లి, నన్ను ఎగాదిగా చూసి, "చై వాళ్ళ మనిషివా? మీ వంతు బాకీ ఉంది," అని ఉల్లిపాయల బుట్ట నా ముందుకి తోసింది. మా చైతన్య ఇక్కడివాళ్ళ నోట్లో 'చై' అయిపోయాడు. సాసేజీలు కాల్చే పెనం కంచె పక్కనే ఉంది కాబట్టి ఆట బాగానే కనిపిస్తోంది. ఏడవడానికి ఉల్లిపాయల వంక కూడా దొరికింది.

ఆ వంక మూడో ఇన్నింగ్స్‌లోనే అక్కరకొచ్చింది. బేస్‌బాల్లో బంతిని కొట్టగానే బ్యాటు పారేసి పరుగెత్తాలి, మొదటి బేస్ అనే తెల్ల దిండుని కాలితో తొక్కాలి. మావాడు కొట్టాడు, బ్యాటు పట్టుకునే పరుగెత్తాడు, దిండు దాకా వెళ్ళి ఒంగి దానికి బ్యాటు ఆనించాడు. పాదం వెనకే ఉంది. బంతి ముందే వచ్చింది, ఔట్. రెండేళ్ళుగా ఆడుతున్నవాడు భయంలో పాత క్రికెట్ అలవాటుకి లొంగిపోయాడు. అవతలి జట్టువాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. కోచ్ గ్రెగ్ టోపీ తీసి నేల చూశాడు. చిన్నప్పుడు సెలవులకొచ్చినప్పుడు మా కొట్టు ముందు, "బ్యాటు గీత దాటాలిరా," అని వాడికి నూరిపోసింది నేనే.

నా గంట ఎప్పుడో దాటినా షారన్ నా చేతిలో పట్టకారు వదిలించలేదు. ఆఖరి ఇన్నింగ్స్‌కి మావాళ్ళు ఒక్క పరుగు ముందున్నారు. అవతలివాళ్ళు ఇద్దరు బేసుల మీద సిద్ధంగా ఉన్నారు. ఇంకొక్కణ్ణి ఔట్ చేస్తే మ్యాచీ మనది. బంతి గాల్లోకి లేచింది, చైతూ వైపే. రెప్ప వెయ్యకుండా చూశాను. ఎడమచేతికి తోలు గ్లవ్ తొడుక్కుని వెనక్కి పరుగెత్తాడు, గాలికి బంతి కుడివైపు జరిగింది, గ్లవ్ అందదు. ఒళ్ళు విరుచుకుని దూకాడు. ఉత్త కుడిచెయ్యి చాపాడు. వేళ్ళు ముడుచుకున్నాయి. గడ్డి మీద దొర్లి లేచి చెయ్యి పైకెత్తాడు. బంతి అందులోనే ఉంది.

జట్టంతా వాడి మీద పడింది. నేను పట్టకారుతో సహా కంచె దాటాను.

"గ్లవ్ ఇచ్చింది ఎందుకు? అలా పట్టడం ఎవరు నేర్పారు?" అన్నాడు గ్రెగ్.

చైతూ నన్ను చూపించాడు. "మై మామయ్య."

గ్రెగ్ నా చేతిలో పట్టకారు చూశాడు. "బ్యాటు మోసుకెళ్ళడం నేర్పింది కూడా ఈయనేనా?"

"యా. దట్ టూ."

"మంగళవారం ఆరింటికి ప్రాక్టీసు. నీ చోటు నీదే," అని చైతూ భుజం తట్టి వెళ్ళిపోయాడు.

తిరుగు రైల్లో ఎర్రగా వాచిన వాడి అరచేతిని చల్లటి నీళ్ళ సీసాకి ఆనించి పట్టుకున్నాను. మొన్న నన్ను రావద్దన్న పిల్లాడు బ్లాక్‌టౌన్ నుంచి ఇంటిదాకా నోరు మూయలేదు. వాడికి నేను నేర్పినవి రెండే. ఒకటి ముంచింది, ఒకటి తేల్చింది. తెనాలి రోడ్డు మీద టెన్నిస్ బంతితో పాఠం చెప్పినవాడికి సగం మార్కులంటే గొప్పే, నాకు బడిలో ఏనాడూ అన్ని రాలేదు. మీరూ ఇలాంటి మ్యాచీకి వెళితే క్యాంటీన్ వంతు మొదటి గంటలోనే అడిగి పూర్తిచేసుకోండి, ఆఖరి ఇన్నింగ్స్‌కి చేతులు ఖాళీగా ఉండాలి.

పైన రెప్ప వెయ్యకుండా చూశానన్నది మాత్రం శుద్ధ కల్పన. బంతి లేవగానే కళ్ళు గట్టిగా మూసుకుని పెనం వైపు తిరిగిపోయాను. ఆ క్యాచ్ సంగతంతా షారన్ చెబితే రాసిందే.