సదాశివరావు గారి ‘ఉన్నావా?’

సదాశివరావు గారికి ఒకటే జబ్బు. పిలవగానే పలక్కపోతే ఆ మనిషి పోయినట్టే లెక్క.

నోయిడా ఆఫీసులో ఆయన కింద పనిచేసే ఇంద్రజకి ఫోన్ మోగడం, ‘ఉన్నావా?’ అని మెసేజ్ రావడం, ఆయనే వచ్చి కుర్చీ పక్కన నిలబడడం ఒకేసారి జరిగేవి.

“ఉన్నాను సర్, మంచినీళ్ళు తాగుతున్నా.”

“తాగుతూ ఊఁ అనొచ్చుగా!”

ఓసారి ఇంద్రజ పక్క సీటు దశరథ్ లిఫ్ట్ ఎక్కాడు. సిగ్నల్ లేదు. దిగేలోపు అతని పని ఎదుటి సీటు నవదీప్‌కి అప్పజెప్పేశారు. పాపం, ఇద్దరూ చేశారు. కస్టమర్‌కి ఒకే జవాబు రెండు రకాలుగా వెళ్ళింది.

“లిఫ్టులో ఉన్నాను సర్!”

“నాకేం తెలుసయ్యా, పలకలేదుగా!”

సర్వర్లదీ ఆయన పెంపకమే. ఓ ఆసుపత్రి అపాయింట్‌మెంట్లు నడిపే రెండు సర్వర్లు ‘ఉన్నాను, ఉన్నాను’ అని ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. హార్ట్‌బీట్ అంటారు దాన్ని. ఒక్క సెకను కబురు ఆగితే చాలు, మొదటిది పోయిందనుకుని రెండోది దాని పని లాగేసుకుంటుంది. రేపేమో కేబుల్ పని, నెట్‌వర్క్ మాటిమాటికీ తెగుతుంది. బతికున్నవాటిని ఇలా చంపుకుంటూ పోతే అవతల రోగులు క్యూలో పడిగాపులు పడాలి. మధ్యాహ్నం ఇంద్రజ ఆయన టేబుల్ దగ్గరికి వెళ్ళింది.

“గడువు పది సెకన్లు చేద్దాం సర్.”

“పది సెకన్లా! నిజంగానే పోతే?”

“అప్పుడూ తెలుస్తుంది సర్, కాస్త ఆలస్యంగా.”

ఆయన గుండె పట్టుకున్నారు. పట్టుకునే టేబుల్ మీది ఫోన్ వైపు చూశారు. అది మోగలేదు. విచిత్రం, ఆయన కంగారుపడలేదు! తీరిగ్గా టీ చప్పరించారు.

“ఎవరి ఫోన్ కోసం సర్?”

“నాగేంద్రమ్మ గారని, మయూర్ విహార్‌లో మా పక్క ఫ్లాట్. ఒంటరి మనిషి. క్షేమమేనని రోజూ ఈ వేళకి మిస్డ్ కాల్ ఇస్తుంది.”

“ఇంకా ఇవ్వలేదుగా!”

“ఆగమ్మా. ఆవిడకి మోకాళ్ళ నొప్పి. పైగా కళ్ళజోడు దొరకాలి. మొదట్లో ఓసారి తొందరపడి తలుపు పగలగొట్టించాను. లోపల నిక్షేపంగా పచ్చడి రుబ్బుకుంటోంది! మిక్సీ హోరులో వినపడలేదట. కొత్త తలుపు పెట్టించినా నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. అప్పట్నుంచీ అరగంట ఆగుతాను. అప్పటికీ రాకపోతే మా ఆవిడ వెళ్ళి చూసొస్తుంది.”

ఫోన్ ఒక్కసారి మోగి ఆగింది. ఆయన మొహం వెలిగింది.

“మరి మన సర్వర్ల తలుపులెందుకు పగలగొట్టిస్తున్నారు సర్?”

ఆయన పలకలేదు. ఇంద్రజ నవ్వాపుకుంది. “ఉన్నారా సర్?”

“ఉన్నానమ్మా. పెట్టు, పది సెకన్లే పెట్టు.”

మర్నాడు నెట్‌వర్క్ ఎన్నిసార్లు తెగినా ఆసుపత్రిలో ఒక్క అపాయింట్‌మెంటూ ఆగలేదు. సాయంత్రం మెట్రో సొరంగం దాటగానే ఇంద్రజ ఫోన్‌లో ఆయన మెసేజ్: ‘ఇల్లు చేరావా? తొందరేం లేదు, నిదానంగా చెప్పు.’

దాని కిందే ఇంకోటి: ‘చేరావా?’