మేక ముఖం మీద అంకెలు

మనవరాలు లావణ్య చేత ఇది రాయిస్తున్నాను. ఒక్క మాట మార్చి రాసినా ఈ పూట దానికి అన్నం లేదు.

కెమెరా తీసే వీడియో సరిగా వస్తోందో లేదో చూడడం దాని ఉద్యోగం. ఇవాళ ఇంట్లోనే పనిచేస్తూ కెమెరాను మా వాకిట్లోకి తిప్పి పెట్టింది. అక్కడే నేను చల్ల మిరపకాయలు ఎండబోశాను. మధ్యాహ్నానికి చాప సగం ఖాళీ! ఇది పక్కింటి రమణమ్మ మేక పనేనని, ఆమెను పిలిచి మరీ వీడియో వేయించాను. మేక కనిపించింది. కానీ సరిగ్గా దాని ముఖం మీద నల్ల పెట్టె, అందులో పరుగెత్తే అంకెలు.

“అవేంటే?”

“ఒక్కో బొమ్మ ఏ క్షణంలో తీసిందో చెప్పే టైము నాయనమ్మా. ఒక్కటీ తప్పలేదు!”

“టైము ఎవడిక్కావాలే? నాకు దొంగ కావాలి!”

“ముఖం కనపడకుండా మా మేకేనని ఎట్టా అంటావు వదినా?” అంది రమణమ్మ.

అంకెలను తెర అడుక్కి దింపించాను. మిగిలిన మిరపకాయలు మళ్ళీ పరిచి, ముగ్గురం లోపల తెర ముందు కూర్చున్నాం. మేక వచ్చింది. తల వంచి తినసాగింది. ముఖం మళ్ళీ అంకెల వెనకే! మేం వాకిట్లోకి పరుగెత్తేసరికి మేకా లేదు, మిరపకాయలూ లేవు.

లావణ్య మాత్రం, “ఈసారీ టైము కరెక్టే” అని మురిసిపోయింది.

రేపు కర్ర పట్టుకుని నేనే కూర్చుంటాను. కెమెరాలున్న ఇళ్ళవాళ్ళు చెప్పండి, మీ అంకెలు కూడా దొంగ వైపేనా?