ఓమా ఆల్చే దాచిన నాలుగు ఆఠీన్లు

మినహాసా ప్రాంతంలో అవ్వని ఓమా అని, తాతని ఓపా అని పిలుస్తారు. ఓమా ఆల్చేకి రెండు సంగతుల మీద గట్టి నమ్మకం. పేక ముక్కలు లెక్కపెట్టడంలో తనను మించినవాళ్లు మినహాసాలో లేరని ఒకటి. ఇల్లు చర్చి పక్కనే ఉండాలి గానీ కొండ మీద కాదని రెండోది. పెళ్లయిన నలభై ఆరేళ్లలో మొదటిదాన్ని మొగుడు ఓపా వెంచే ఏనాడూ కాదనలేదు. రెండోదాని మీద మాత్రం నాలుగేళ్లుగా పోరు.

కొండ మీద ఓపాకి లవంగాల తోట ఉంది. కోతలప్పుడు దొంగలు పడుతున్నారు. చెక్క ఇల్లే కదా, పలకలు విప్పి పైన మళ్లీ బిగిస్తే పడుకునే కాపలా కాయొచ్చని ఆయన వాదన.

"శనివారం బ్రిడ్జి ఎవరితో ఆడతావు? లవంగాలతోనా?" అనేది ఓమా.

"డోల్ఫూ ఫెమ్మీ పైకే వస్తారు."

"ఫెమ్మీ మోకాళ్లు ఎప్పుడైనా చూశావా?"

"పరాయి ఆడవాళ్ల మోకాళ్లు నేనెందుకు చూస్తాను?"

ఇలా ఎక్కడా తెగలేదు. చివరికి ఒక శనివారం పొద్దున గుమ్మడికాయ జావ తాగుతూ ఓపా ఒక దారి చెప్పాడు. "ఇవాళ ఆఖరి పంపకంలో ఆఠీన్లు తురుపైతే ఇల్లు కొండెక్కుతుంది. ఇస్పేట్లైతే ఇక్కడే ఉంటుంది. ఇంకేదైనా అయితే వచ్చే ఏడాది మళ్లీ పోట్లాడుకుందాం."

ఆయన ఆఠీన్ల మనిషి, ఆవిడ ఇస్పేట్ల మనిషి అని ఊళ్లో పందులకు కూడా తెలుసు. ఓమా గరిటె పక్కన పెట్టి సరేనంది.

మధ్యాహ్నానికి వసారా నిండిపోయింది. చర్చి సంఘపెద్ద డోల్ఫ్, ఆయన చెల్లెలు ఫెమ్మీ ఒక జట్టు. ఓపా, ఓమా ఎదురెదురుగా కూర్చుని ఇంకో జట్టు. జట్టువాడి చేతిలో ఏముందో కనపడదు, నోటితో అడగకూడదు. పాటే మాట. నలుగురూ ఒక్కో ముక్క వేస్తే ఒక పట్టు. తురుపుగా ఏ రంగు కావాలో, ఎన్ని పట్లు పడతామో వేలంలో లాగా పెంచుకుంటూ పోవాలి. అంకె ఒకటే అయితే ఆఠీను కన్నా ఇస్పేటు పెద్దది. ఒకటి అంటే ఏడు పట్లు, ఏడు అంటే పదమూడుకి పదమూడూ. ఎక్కువ పాడినవాళ్లదే తురుపు. పాడినన్ని పట్టలేకపోతే పరువు పోతుంది.

ఆఖరి పంపకం. "ఒక ఆఠీను," అన్నాడు ఓపా. ఆ మాటకి ఆయన దగ్గర అయిదు ఆఠీన్లున్నట్టు.

"రెండు డైమన్లు," అంది ఫెమ్మీ.

ఓమా ముక్కలు చూసుకుంది. ఇస్పేట్లు అయిదు, రాజూ రాణీ జాకీతో. ఆఠీన్లు నాలుగు, అందులో ఒకటి రాజు. మొగుడివి అయిదు, తనవి నాలుగు, మొత్తం తొమ్మిది. ఎల్‌కేజీ పిల్లని అడిగినా ఆఠీన్లే పాడమంటుంది. ఓమా నలభై ఆరేళ్లలో మొదటిసారి ముక్కల గురించి అబద్ధం చెప్పింది.

"రెండు ఇస్పేట్లు."

"మూడు డైమన్లు," అన్నాడు డోల్ఫ్.

ఇప్పుడు పాట ఓపాది. మళ్లీ ఆఠీన్లే పాడి ఇంటిని లాక్కుపోవచ్చు, లేదా ఊరుకోవచ్చు. ఆ రెండూ చెయ్యలేదు. "మూడు ఇస్పేట్లు," అన్నాడు. చేతిలో మూడున్నాయి కాబట్టి ఉన్నాయని చెప్పాడు. ఇల్లు వదిలేశాడు గానీ ముక్కని వదల్లేదు.

"నాలుగు డైమన్లు," అంది ఫెమ్మీ.

ఓమా మళ్లీ ముక్కలు చూసుకుంది. నాలుగు ఇస్పేట్లు అంటే చాలు, ఇల్లు తనదే. ఇస్పేట్లు అయిదూ మూడూ ఎనిమిది. ఆఠీన్లు తొమ్మిది. ఎనిమిదీ తొమ్మిదీ ఒకటేనని అనుకుందామని చూసింది. కుదరలేదు.

"నాలుగు ఆఠీన్లు."

వసారాలో ఎవరో దగ్గారు. ఓపా భార్య మొహం కేసి చూశాడు, అది జాలి అనుకున్నాడు. ఆల్చే జాలితో ఇల్లిస్తే తీసుకునేటంత దిగజారిపోయానా అని మీసం దువ్వాడు. "నాలుగు ఇస్పేట్లు."

ఓమాకి ఒళ్లు మండింది. లెక్క చెప్తుంటే వినడేం ఈ మనిషి? "అయిదు ఆఠీన్లు."

"అయిదు ఇస్పేట్లు."

డోల్ఫూ ఫెమ్మీ డైమన్ల సంగతే మరిచిపోయారు. ఇన్ని పట్లు పట్టలేరు, తప్పితే నష్టం రెట్టింపని ఫెమ్మీ "డబుల్" అంది.

"ఆరు ఆఠీన్లు," అంది ఓమా.

"డబుల్," అన్నాడు డోల్ఫ్.

"ఆరు ఇస్పేట్లు," అన్నాడు ఓపా, గొంతు కొంచెం తగ్గించి.

"డబుల్. ఓమా, మీ ఇద్దరికీ ఒంట్లో బాగానే ఉందా?" అడిగింది ఫెమ్మీ.

"పాట మధ్యలో మాట్లాడకు," అని ఓమా ముక్కల్ని గుండెలకి హత్తుకుంది. "ఏడు ఆఠీన్లు."

"డబుల్," అన్నాడు డోల్ఫ్ మళ్లీ, ఈసారి లేచి నిలబడి.

ఓపా ఇంకా ఏడు ఇస్పేట్లు అనొచ్చు. అనలేదు. జాలిపడే మనిషి నాలుగు దాకా వస్తుంది, మహా అయితే అయిదు. ఏడు దాకా వచ్చేది లెక్క తెలిసిన మనిషే. "పాస్," అన్నాడు.

ఆఠీన్లు మొదట అన్నది ఓపాయే గనక ఆడాల్సిందీ ఆయనే. ఫెమ్మీ ముక్క వేశాక ఓమా తన చేతిని అందరికీ కనపడేలా బల్ల మీద పరిచింది. నాలుగు ఆఠీన్లు వరసగా పడ్డాయి.

"ఇవి మొదట్నుంచీ నీ దగ్గరే ఉన్నాయా?" అన్నాడు ఓపా.

"మరి మధ్యలో మొలిచాయా?"

"మరి రెండు ఇస్పేట్లు ఎందుకన్నావు?"

"ఇల్లు చర్చి పక్కనే ఉండాలి కనక."

పదకొండు పట్లు పడ్డాయి, రెండు తక్కువ. అంతటితో ఎవరూ లేవలేదు. ఇస్పేట్లు తురుపైతే ఏమయ్యేదో తేల్చాలి కదా. యాభై రెండు ముక్కలూ బోర్లించకుండా పరిచి సాయంత్రం దాకా ఆడి చూశారు. ఫెమ్మీ చేతిలో ఒకే ఒక్క ఆఠీను. రెండోసారి ఆఠీను తిరిగినప్పుడు ఆవిడ చిన్న ఇస్పేటుతో కొట్టేసేది. పది పట్లే.

"ఒక్క పట్టు తక్కువ," అని డోల్ఫ్ చర్చిలో చెప్పినట్టు చెప్పాడు. "ఆఠీన్లే సరైన తురుపు. ఓమాదే రైటు."

ఓమా పీట మీద రాణిలా కూర్చుంది. ఇల్లు పోయిందన్న సంగతి ఆవిడకి ఆదివారం ప్రార్థన మధ్యలో గానీ గుర్తు రాలేదు.

మాట మాటే. తర్వాతి వారం బూర ఊదితే ముప్పై మంది సాయానికి వచ్చారు. పలకలకి సుద్దతో అంకెలు వేసి విప్పారు, లారీ ఎక్కించారు, వెదురు బొంగుల్లో కాల్చిన పంది మాంసం తిన్నారు, సగ్వేరు కల్లు తాగారు. పలక మోసుకెళ్తున్న ప్రతివాణ్నీ ఓమా ఆపి, అయిదూ నాలుగూ ఎంత అని అడిగి, తొమ్మిది అన్నాకే వదిలింది.

కొండ మీద మొదటి శనివారం ఎవరూ రాలేదు. రెండోదీ అంతే. ఫెమ్మీ మోకాళ్లు సగం దారి నుంచే వెనక్కి తిప్పాయట. ఓపా ఒక్కడే నాలుగు కుర్చీల ముందు కూర్చుని ముక్కలు కలిపాడు, పంచాడు, మళ్లీ కలిపాడు. మూడో వారం సిగ్గు విడిచి నోరు తెరిచాడు.

"ఓమా, ఇల్లు కిందికి దింపేద్దామా?"

"ఎందుకు?"

"ఆడేవాళ్లు లేరు. నువ్వన్నదే నిజం."

"నేనన్నది ఆఠీన్లు," అంది ఓమా. "ఇప్పుడు ఇల్లు దింపితే ఊరంతా ఏమనుకుంటుంది? ఆల్చే తప్పు తురుపు పాడిందని అనుకోదూ?"

"ఆ మాట ఎవరంటారు?"

"ఫెమ్మీ అంటుంది. ఇల్లు ఇక్కణ్నుంచి అంగుళం కదలదు."

అందుకే ఇప్పుడు ప్రతి శనివారం ఇద్దరూ గంటసేపు కొండ దిగి ఫెమ్మీ ఇంటికి వెళ్లి ఆడి, గంటన్నర ఎక్కి వస్తారు. ముందు ఓమా, వెనక రొప్పుతూ ఓపా. కాపలాకి ఎవరూ ఉండరని తెలుసుకున్న దొంగలు లవంగాలు శనివారం నాడే కోసుకుపోతున్నారు.