చదవకుండా "బాగుంది" అన్న ఫజలుద్దీన్

జమ్మికుంటలో పత్తి మార్కెట్‌కు పోయే తోవలో ఫజలుద్దీన్ పరుపుల దుకాణం ఉంది. ఊళ్లో ఆయనకు రెండు పేర్లు. ఒకటి పరుపుల ఫజలుద్దీన్, రెండోది దావత్ ఫజలుద్దీన్. రెండోదే ఎక్కువ చెల్లుతుంది. పిలిచిన పెళ్లికి పోకపోవడమన్నది ఆయన చరిత్రలో లేదు. ఒకే పూట మూడు పెళ్లిళ్లు పడితే ఒకచోట అక్షింతలు వేసి, ఇంకొకచోట బగారా అన్నం తిని, మూడోచోట పెళ్లికొడుకు పక్కన ఫొటో దిగి వస్తాడు. తన బిడ్డ ముస్కాన్ పెళ్లికి ఎవరెవరు వచ్చారో, ఎవరు ముఖం చాటేశారో అంతా ఆయనకు నోటికి వచ్చు. వచ్చినవాడి ఇంట్లో మేక ఈనినా పలకరించడానికి పోతాడు. రానివాడు బజారులో ఎదురుపడితే "మంచిగున్నవా?" అని అడిగి, జవాబు వినకుండానే సైకిల్ తొక్కుకుంటూ సాగిపోతాడు. మర్యాద అంటే అదేనని ఆయన నమ్మకం. జమ్మికుంటలో చాలామంది నమ్మకం కూడా అదే.

వానాకాలంలో పరుపులు ఎవరూ కుట్టించుకోరు. ఆయనకేమో నోరు మూసుకుని కూర్చోవడం చేతకాదు. అలాంటి ఒక వానాకాలంలో "దూది ముచ్చట్లు" అని ఒక బ్లాగు మొదలుపెట్టాడు. తాత విల్లు పట్టి దూది ఏకిన రోజులు, మెత్త మీద తలపెట్టి చూస్తానని వచ్చి మధ్యాహ్నం దాకా గుర్రుపెట్టిన గిరాకీ, ఇలాంటివన్నీ ఫోన్‌కు చెబుతుంటే అదే అక్షరాలుగా మార్చి పెట్టేది. ఒక మాట ముందే చెప్పాలి, ఆయన రాసింది బాగానే ఉండేది. నోటికున్న రుచి రాతకూ వచ్చింది. కొరత ఒక్కటే, చదివేవాళ్లు లేరు. భార్య సలీమాకు చూపిస్తే, "పొద్దంత విన్నదే మళ్ల చదవాల్నా జీ?" అని వంటింట్లోకి పోయింది.

ఆయనకు పేరు మీద ఆశ లేదు, సన్మానాల మీద అసలే లేదు. తాను రాసింది ఎవరో ఒకరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవాలి. అంతే ఆయన కోరిక. విన్నంత సులువు కాదది.

అప్పుడే ఆయనకు "పరిగె" కనబడింది. కోత అయిపోయిన చేలో రాలిన గింజలు ఏరుకున్నట్టు, నెట్‌లో ఎక్కడెక్కడో పడి ఉన్న మంచి రాతలను ఏరుకొచ్చి అందరి ముందూ పెట్టే సైటు అది. చదివినవాళ్లకు నచ్చితే "బాగుంది" అని నొక్కుతారు. ఎక్కువమంది నొక్కింది పై వరుసకు ఎక్కుతుంది. నియమాలు కూడా పొందికగా రాసి పెట్టారు. ఎదుటివాళ్ల రాతలు తెండి, చదివాకే నొక్కండి, మీ బ్లాగును మీరే నెత్తిన పెట్టుకుని ఊరేగకండి, నాకు నొక్కితే నీకు నొక్కుతా అనే బేరాలు పెట్టుకోకండి. వాటి కింద "నేను చదివి ఒప్పుకుంటున్నాను" అని ఒక గడి ఉంది. ఫజలుద్దీన్ ఒప్పుకున్నాడు. ఆ గడి నొక్కే ముందు నియమాలు చదివిన మనిషి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు కాబట్టి, ఆయన ఒక్కడినే అనడం న్యాయం కాదు.

తన ముచ్చట్లన్నీ తెచ్చి అక్కడ కుమ్మరించాడు. కొన్నాళ్లు ఉలుకూ లేదు పలుకూ లేదు. తర్వాత ఒకరోజు పొద్దున ఒక "బాగుంది" పడింది. నొక్కింది గోదావరిఖని బొగ్గుబాయిలో పనిచేసే రాయమల్లు అనే ఆయన. ఆయన కూడా బ్లాగరే, కాలనీ ముచ్చట్లు రాస్తాడు.

ఫజలుద్దీన్ మనసు వెంటనే పాత దారిన పడింది. ఇది దావత్. తన ఇంటికి రాయమల్లు వచ్చి పోయాడు, ఇప్పుడు రాయమల్లు ఇంటికి తను పోవాలి. పోయి, రాయమల్లు రాసిన వాటన్నింటికీ ఒకటి వదలకుండా "బాగుంది" నొక్కి వచ్చాడు. చదవడానికి కూర్చుంటే అన్ని ఇళ్లు తిరగడం ఎప్పుడు అయ్యేను? మూడు పెళ్లిళ్లు ఒక పూటలో చుట్టబెట్టే మనిషికి అది తెలియనిదా?

ఆనాటి నుంచి రోజూ పొద్దున చాయ్ తాగుతూ "పరిగె"లో ఇల్లిల్లూ తిరిగేవాడు. ప్రతి రాత కింద పెట్టడానికి ఒక మాట ఫోన్‌లో తయారుగా ఉంచుకున్నాడు. "చాలా బాగుంది అన్నా. ఇసుంటియి మళ్ల మళ్ల రావాలె. మా ఇంటికి గూడ ఒకసారి వచ్చిపోండ్రి." దాని కింద తన తాజా రాతకు లింకు. పిలిచిన ఇంటికి పోవడం అందరికీ అలవాటే కాబట్టి వాళ్లూ వచ్చారు. చూస్తుండగానే ఫజలుద్దీన్ ముచ్చట్లకు నలభై నలభై "బాగుంది"లు పడి పై వరుసలో నిలిచాయి. దుకాణానికి వచ్చిన రైతులకు ఫోన్ తీసి చూపించేవాడు. "నలభై మంది చదివిండ్రు పటేలా," అనేవాడు. పటేలు దూది నొక్కి చూస్తూ మంచిదే అనేవాడు.

ఒకరోజు రాయమల్లు "మా రామవ్వ" అని ఒకటి రాశాడు. దానికి ముందురోజే ఆయన ఫజలుద్దీన్ రాసిన నల్లుల ముచ్చటకు నొక్కి పోయాడు. బాకీ ఉంచుకోవడం ఎందుకని ఫజలుద్దీన్ పళ్లు తోముకుంటూనే వెళ్లి నొక్కి, తన మాట అతికించి, లింకు పెట్టి వచ్చాడు.

మధ్యాహ్నం అన్నం తింటుంటే సలీమా ఆయన ఫోన్ పట్టుకుని వచ్చింది. అది ఆగకుండా మోగుతోంది.

"రామవ్వ ఎవరు జీ?"

"మా రాయమల్లన్న వాళ్ల అవ్వ కావొచ్చు."

"ఆమె సచ్చిపోయింది గద. ఆయన ఏడ్సుకుంట రాసిండు. మీరేమో దాని కింద చాలా బాగుంది, మళ్ల మళ్ల రావాలె అని పెట్టిండ్రు." ఆమె కొంచెం ఆగి, మిగతాది కూడా చదివింది. "మా ఇంటికి గూడ వచ్చిపోండ్రి. పరుపుల నల్లులను సంపుడెట్ల."

ఫజలుద్దీన్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చావింటి నుంచి లేచేటప్పుడు "పోయొస్త" అనే మాట కూడా అనకుండా, చెప్పులేసుకుని గమ్మున బయటపడే మనిషి ఆయన. జమ్మికుంటలో పరామర్శ ఎలా చేయాలో నలుగురికి నేర్పినవాడు. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి.

తుడిపేద్దామని చూసేసరికి ఫోన్ వచ్చింది. చేసింది మమతారాణి. ఆదిలాబాద్‌లో బడి పంతులమ్మ. జీతం భత్యం ఏమీ లేకుండా "పరిగె" మంచిచెడ్డలు చూసేది ఆమే.

"ఫజలుద్దీన్ సార్, మీ మీద ఫిర్యాదులు వచ్చినయి. నెల రోజులు మీ ఖాతా బందు పెడుతున్న."

"తప్పయింది మేడం. చూసుకోలే."

"గా ఒక్కటే అయితే పొరపాటనుకుందును. మీరు ఏ ఒక్కటీ చదువుత లేరు. చదవకుంట నొక్కుతున్నరు, నొక్కించుకుంటున్నరు."

"నా దావత్‌కు వచ్చినోని దావత్‌కు పోకుంటె నేను మనిషినేనా మేడం?"

"దావత్‌కు పోయినోళ్లు తిని వస్తరు. మీరు వాకిట్ల చెప్పులిడిసి, మళ్ల తొడుక్కొని పోతున్నరు. ఇంకొకటి, పరిగె అంటే మందిచేన్ల ఏరుకునుడు. మీ చేన్ల మీరే ఏరుకునుడు పరిగె ఎట్లయితది?"

పై వరుసలో ఉన్న "దూది ముచ్చట్లు" సాయంత్రానికల్లా మాయమైంది. నల్ల మబ్బు చూసి కళ్లాల్లో పత్తి కుప్పలు మూసినట్టు ఆయన ముఖం మూసుకుపోయింది. నెల రోజులు కనబడకపోతే నలభై మందీ తనను మరిచిపోతారని దిగులు. రాయమల్లును కాళ్లావేళ్లా పడి బతిమాలితే ఆయన ఒక మాట చెబుతాడు, మమతారాణి మెత్తబడుతుంది అని మనసులో ఒక లెక్క. అసలు అది కాకపోయినా పోవాల్సిందే. తప్పు చేసిన ఇంటికి మనిషి నడిచి పోవాలి.

తెల్లారి గోదావరిఖనికని రామగుండం పోయే రైలెక్కాడు. ఎక్కినంక బుద్ధి పుట్టింది, ఆ ఇంటికి పోయి ఏం మాట్లాడాలి? కనీసం రామవ్వ ఎలాంటి మనిషో తెలుసుకుని పోదామని ఫోన్ తీసి చదవడం మొదలుపెట్టాడు. చదవగా చదవగా అర్థమైంది, "పరిగె"లో చేరినంక ఆయన చివరిదాకా చదువుతున్న మొదటి రాత ఇదే.

రామవ్వకు చివరి రోజుల్లో చెవులు వినిపించేవి కావట. షిఫ్ట్ అయిపోయిందని సైరన్ మోగితే కాలనీ కప్పుల మీది పావురాలన్నీ ఒక్కసారి లేస్తాయి. ఆమె వాకిట్లో కూర్చుని ఆకాశం చూసేదట. పావురాలు లేవగానే లోపలికి పోయి పొయ్యి మీద ఎసరు పెట్టేదట. కొడుకు స్నానం చేసి వచ్చేసరికి అన్నం పొగలు కక్కుతూ ఉండేదట. ఆమెకు వినబడదన్న సంగతి కొడుక్కు రెండేళ్ల దాకా తెలియనే లేదట.

పెద్దపల్లి దాటేసరికి ఫజలుద్దీన్ కళ్లు తుడుచుకుంటున్నాడు. ఎదురుగా కూర్చున్న ముసలామె జాలిగా అడిగింది.

"ఎవరు పోయిండ్రు బిడ్డా?"

"మా దోస్తు వాళ్లవ్వ."

"ఎప్పుడు?"

"పది పన్నెండు దినాలయితుంది. నేను ఇప్పుడే సదివిన."

ముసలామె కిటికీలోంచి బయటికి చూసింది.

గోదావరిఖనిలో రాయమల్లు క్వార్టర్ కనుక్కోవడం కష్టం కాలేదు. మీసాలు నెరుస్తున్న బక్క మనిషి, గుండు కొట్టించుకుని ఉన్నాడు. ఫజలుద్దీన్ పేరు చెప్పగానే చేతులు పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. ఫజలుద్దీన్ కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"అన్నా, నాతోని పెద్ద తప్పయింది. నన్ను మాఫ్ చెయ్యి. అవ్వ కాడ గసుంటి మాట రాసిన."

"ఊకో ఫజల్ భాయ్. నీ ఒక్కనిదే ఎందుకంటవ్? ఇంకొకాయన నవ్వు మొఖం బొమ్మ పెట్టిండు. ఒకాయన హ్యాపీ బర్త్ డే అన్నడు. ఫొటో చూసి అనుకున్నట్టున్నడు." రాయమల్లు తల వంచుకుని చాప అంచు సర్దాడు. "నిజం చెప్పాల్నంటే నేను గూడ గంతే. నువ్వు రాసినయి ఒక్కటి సదవలే."

అప్పుడు కూర్చున్నాడు ఫజలుద్దీన్.

"ఒక్కటి గూడనా?"

"షిఫ్ట్ దిగినంక కండ్లు మూతలు పడుతయి భాయ్. నువ్వు నాకు నొక్కుతవ్, నొక్కకుంటె మంచిగుండదని నేను నీకు నొక్కుత."

"నువ్వు మొట్టమొదలు నొక్కిన మా తాత విల్లు ముచ్చట?"

"ఫొటో చూసిన. విల్లు మంచిగుండె."

నలభై మందిలో మొదటివాడు, అందరికంటే పెద్ద చుట్టం అనుకున్నవాడు అన్న మాట అది. మిగతా ముప్పై తొమ్మిది మంది సంగతి ఇక అడగక్కర్లేదు. ఇన్నాళ్లూ దుకాణంలో తను అందరికీ చూపించి మురిసింది ఖాళీ విస్తళ్లని ఫజలుద్దీన్‌కు తేటతెల్లమైంది. కోపం రాలేదు. ఎవరి మీద వస్తుంది?

ఊరికే కూర్చోవడం బాగుండదని, మాటకు మాటగా అడిగాడు. "పావురాలు ఇప్పుడు గూడ లేస్తున్నయా అన్నా?"

రాయమల్లు చప్పున తలెత్తాడు. "నువ్వు సదివినవా?"

"రైల్ల సదివిన. ఎసరు పెట్టుడు దాక, రెండేండ్లు నీకు ఎరుక లేకుండుడు దాక, అంత సదివిన."

ఆ మనిషి ముఖంలో వెలుగు ఎలా వచ్చిందో చూసి ఫజలుద్దీన్‌కు ఒకవైపు సంతోషం, ఒకవైపు అసూయ. ఇన్నాళ్లూ తను ఎదురుచూసింది ఆ వెలుగు కోసమే, తన ముఖానికి మాత్రం అది రాలేదు. రాయమల్లు చాలాసేపు అవ్వ గురించి చెప్పాడు. చెప్పి, కళ్లు తుడుచుకుని, ఏదైనా మేలు చేయాలనిపించి తనే మమతారాణికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

"మేడం, ఫజల్ భాయ్ మా ఇంటికి వచ్చిండు. నాకేం పరేషాన్ లేదు. ఆయన ఖాతా ఇడిసిపెట్టుండ్రి."

"లేదు సార్. నియమం నియమమే. నెల అంటే నెలే." ఆమె గొంతులో వంపు లేదు. "ఆయన పక్కకే ఉన్నడా? సార్, మిమ్ముల ఒకటి అడుగుదామనుకుంటున్న. గా వీణవంక పెండ్లోళ్ల ముచ్చట రాసిండ్రు గద. మీరు పరుపుల పాత దూది కూరిండ్రని పెండ్లిపిల్లగాని తల్లి కొట్లాటకు వచ్చి, దుకాణం ముంగట పరుపు సర్రున సింపింది అని ఆపేసిండ్రు. లోపల ఏముండె?"

ఫజలుద్దీన్ తెల్లబోయాడు. మిగతా సగం ఫోన్ మింగేసిందని ఆయనకే తెలియదు. ఆ ముచ్చట కిందనే నలభై మంది "బాగుంది" నొక్కారు. ఒకాయన ముగింపు గుండెను పిండేసిందని కూడా రాశాడు.

"మీరు... సదివిండ్రా మేడం?"

"అన్నీ సదివిన. బందు పెట్టాల్నంటె సదవాలె గద. మా ఇంట్ల గూడ సదివి వినిపించిన. లోపల ఏముండెనో అని అందరు నన్నే అడుగుతున్నరు."

"అవును, ఏముండె భాయ్?" అని రాయమల్లు కూడా దగ్గరికి జరిగాడు.

ఫజలుద్దీన్ గొంతు సవరించుకున్నాడు. "కొత్త దూదే ఉండె. మల్లెపూల లెక్క తెల్లగ. మార్కెట్ మంది అంత గుమిగూడిండ్రు. గా తల్లికి తలకొట్టేసినట్టయింది. నేనే కూరి కుట్టిస్త అంటె ఇనలే. పంతం పట్టి రోడ్డు మీద కూసొని, సింపిన పరుపుల మళ్ల దూది ఆమెనే కూరింది. మేం సూస్తనే ఉన్నం. నెలకు మళ్ల వచ్చింది."

"ఎందుకు?"

"పరుపు గడ్డలు గడ్డలుగ ఉన్నదని."

ఫోన్‌లో మమతారాణి పకపకా నవ్వింది. రాయమల్లు గుండు మీద చెయ్యేసుకుని, గోడకు ఆనుకుని నవ్వాడు. తను రాసిన ముచ్చటకు ఒక మనిషి నవ్వితే ఎలా ఉంటుందో ఫజలుద్దీన్ చెవులారా వినడం అదే మొదటిసారి. ఇంతమందిలో తనను చివరిదాకా చదివింది తనను గెంటేసిన మనిషి ఒక్కతేనని తెలిసి ఆయనకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"గిది రాయండ్రి సార్," అంది మమతారాణి, ఇంకా నవ్వు ఆపుకోలేక. "తప్పకుంట రాసి పెట్టుండ్రి. పరిగెకు నేను ఏరుకొస్త."

"ఇయ్యాల్నే రాస్త మేడం."

"ఇయ్యాల కాదు. నెలయినంక."