మంచు బూట్లకు కాకికాలు

ఆళ్ళగడ్డ బస్టాండు ఎదురుగా, టీ అంగడిని ఆనుకుని వేసిన రేకుల పందిరి కింద కూర్చునే మత్తయికి కొంచెం పొగరుండేది. చేతిలో పని ఉన్నవాడికి ఆమాత్రం ఉండాలి లెండి, లేకపోతేనే అనుమానించాలి. "మనిషి మొకం నాకు చూపీద్దు, చెప్పు చూపీ. యా ఊరోడో చెప్తా" అనేవాడు. అనడమే కాదు, చెప్పేవాడు కూడా. చెప్పు తిరగేసి, బొటనవేలి దగ్గర అరిగి ఉంటే అహోబిలం వైపు రాళ్ళెక్కి దిగేవాడని, మడమ సమంగా అరిగి ఉంటే నల్లరేగడి చేలల్లో తిరిగేవాడని తేల్చేసేవాడు. ఒక ఆఫీసు గుమాస్తా బూటును అటూ ఇటూ తిప్పి, "ఈయప్ప పని చేసి ఎన్నాళ్ళయిందో" అన్నాడట. గుమాస్తా పక్కనే నిలబడి ఉన్నాడని తెలిసి కూడా అన్నాడు, అదీ సంగతి.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. తండ్రి దాసరయ్య నుంచి వచ్చింది. పని పూర్తయ్యాక మడమకు లోపలివైపు మూడు కుట్లు, కాకి కాలి వేళ్ళు విచ్చుకున్నట్టు వేసేవారు. ఆ కాకికాలు పడిందంటే ఆ జతకు పూచీ మత్తయిది. తెగితే మళ్ళీ ఊరికే కుట్టి ఇస్తాడు, అది తొడిగినవాడు బతికున్నంత కాలం. చుట్టుపక్కల పల్లెల రైతులు కిర్రు చెప్పులు చేతికందగానే ముందు మడమ తిప్పి ఆ గుర్తు చూసుకునేవాళ్ళు. అది లేనిదే ఇంటికి తీసుకుపోయేవాళ్ళు కాదు.

డెబ్బై ఎనిమిది నవంబరులో ఒక సోమవారం పొద్దున ఓబులేసు వచ్చాడు. పక్క పల్లె రైతు సుబ్బరాయుడి చిన్నకొడుకు, మిలిటరీలో ఉంటాడు, సెలవు మీద వచ్చి నెల కావస్తోంది. గోనెసంచిలోంచి ఒక జత బూట్లు తీసి మత్తయి ముందు పెట్టాడు. ఒక్కొక్కటీ రెండు శేర్ల బరువుంది. అడుగు తోలు నోరు తెరుచుకుని వేలాడుతోంది.

"ఏందప్పా ఇవి? ఏనుగుపిల్లకు కుట్టిచ్చినావా?"

"మంచు మీద జారే బూట్లు, మత్తయన్నా. కశ్మీరంలో కాళ్ళకు పొడుగు చెక్కలు కట్టుకోని కొండ మీదినుంచి జారతా వస్తాం."

"నడిచేది నేర్చుకున్న మనిషి మళ్ళా జారేదేందప్పా!" అన్నాడు మత్తయి. టీ అంగడి ముందున్న వాళ్ళంతా నవ్వారు.

ఓబులేసు నవ్వలేదు. చిన్నప్పుడు రేగడి మట్టిలో వట్టికాళ్ళతో తిరిగి తిరిగి అతని పాదాలు చేటల్లా వెడల్పయ్యాయి. అక్కడిచ్చే కొత్త బూట్లలో పట్టవు, పట్టించినా రక్తం కారుతుంది. ఈ జత రిటైరైపోతూ ఒక ఉస్తాదు, అంటే జారడం నేర్పే గురువు, ఇచ్చి పోయినది, అతని కాళ్ళకు సరిపోయే జత ఇదొక్కటే. అక్కడి బూట్లు కుట్టేవాడు చూసి చెత్తలో పారెయ్యమన్నాడు. జనవరిలో పెద్ద శిక్షణ మొదలవుతుంది. అందులో నెగ్గితే తనూ ఉస్తాదవుతాడు. కాళ్ళకు బూట్లు లేకపోతే మొదటిరోజే పేరు కొట్టేస్తారు.

"శుక్రవారం నంద్యాలలో రైలెక్కల్ల అన్నా. మా నాయన చెప్పులు నువ్వు కుడితే ఆరేండ్లు తెగల్యా. అందుకే నీకాడికి తెచ్చినా."

"పెట్టిపో. బుధవారం రా" అన్నాడు మత్తయి. ఆ కుర్రాడు తనను నమ్మి అంతదూరం నుంచి మోసుకొచ్చాడంటే లోపల ఎంత పొంగిపోయాడో పైకి కనపడనివ్వలేదు. ఓబులేసు మొక్కు తీర్చుకోవడానికి మహానంది బస్సెక్కాడు. చెప్పాల్సిన ముఖ్యమైన ముక్క ఒకటి చెప్పకుండానే ఎక్కాడు.

మత్తయి బూటు తిరగేసి అలవాటు ప్రకారం చదవబోయాడు. అడుగు తోలు ముందువైపు బొటనవేలంత బయటికి పొడుచుకొచ్చి, చదరంగా, బాతు ముక్కులా ఉంది. 'ఎవడో చేతగానోడు మిగులు తోలు కోసేది మరిచినాడు' అనుకున్నాడు. మడమ చుట్టూ వేలు పట్టేంత గాడి ఉంది. 'ఏందో తాడు ఒరుసుకోని తినేసింది పాపం' అనుకున్నాడు. రెండు రోజులు కూర్చుని పాత అడుగులు ఊడదీసి, కొత్తవి కుట్టి, ఆ ముక్కును కాలి ఆకారానికి గుండ్రంగా చెక్కి, గాడిని తోలుముక్కతో పూడ్చి, గాజుపెంకుతో గీకి నున్నగా చేశాడు. మూడు కుట్ల కాకికాలు వేశాడు. వచ్చినవాడికల్లా చూపించాడు. పెళ్ళికొడుకు కాళ్ళకైనా అంత అందమైన జత ఎవడూ కుట్టలేదని భార్య దెబోరాతో రెండుసార్లు అనిపించుకున్నాడు కూడా.

బుధవారం మధ్యాహ్నం ఓబులేసు వచ్చి బూట్లు చేతిలోకి తీసుకున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ముక్కు యాడ పోయిందన్నా?"

"మిగులు తోలప్పా అది. కోసినా."

"గాడి?"

"పూడ్చినా."

ఓబులేసు పందిరి గుంజకు ఆనుకుని కూలబడ్డాడు. "ఆ ముక్కేన్నా చెక్క మీదుండే ఇనుప పట్టీలో ఇరుకుకునేది. ఆ గాడిలోనే ఉక్కుతాడు పడేది. ఆ రెండూ ల్యాకుంటే బూటు చెక్క మీద నిలవదు. తప్పు నాదే, నీకు చెప్పల్యా."

ఆ "తప్పు నాదే" అన్న మాట మత్తయిని చెప్పుతో కొట్టినట్టు కొట్టింది. తిట్టినా బాగుండేది. ముప్పై ఏళ్ళుగా చెప్పులు చదువుతున్నవాడికి తెలియని ముక్క ఒకటి ఎదురైతే, ఎవరినీ అడగకుండా తన తెలివితో దిద్దేశాడు. తోలు కుట్టే ఆరె తీసుకుని, తను వేసిన కాకికాళ్ళు రెండూ తనే పీకేశాడు. దాసరయ్య కాలం నుంచి ఆ ఇంట్లో వేసిన గుర్తు ఎవరూ పీకలేదు.

"రేపంతా ఉండాది గదప్పా" అన్నాడు మత్తయి. "నువ్వు నా ఎదురుగా కూర్చో. నాకు తెలీంది నువ్వు చెప్పు, నీకు తెలీంది నేను చేస్తా."

తోలే లేదు. ఉన్న గట్టి తోలంతా ఈ బూట్లకే అయిపోయింది. నంద్యాల మండీకి పోయి తెచ్చి, నానబెట్టి, ఆరబెట్టే వ్యవధి లేదు. మత్తయి తల పట్టుకుంటే దెబోరా పందిరి వెనకే ఉన్న తమ ఇంట్లోని దూలం వైపు చెయ్యి చూపించింది. అక్కడ కపిలె బాన వేలాడుతోంది. ఎద్దులు బావిలోంచి నీళ్ళు తోడే తోలుబాన అది. దాసరయ్య చివరిసారి కుట్టినది, మడమంత కాకికాలు దాని మీద కూడా ఉంది.

"అది మా నాయనది మే!"

"నాయనదే. బాయికి మోటరొచ్చి ఏడేండ్లయింది. ఆడ యాలాడగట్టి దానికి సాంబ్రాణి యేస్తాండావా?" అంది దెబోరా. ఆమె నోటికి అడ్డూ ఆపూ ఉండదు. తర్వాత మెల్లగా, "మామ బతికుంటే ఏం చేస్తాడో అదే చెయ్యప్పా" అంది.

మత్తయి బానను దించి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏళ్ళ తరబడి నీళ్ళలో మునిగి, ఆముదం తాగి, చెయ్యి పెడితే చల్లగా తగిలింది. "మంచంటే ఏందప్పా? గడ్డ కట్టిన నీళ్ళే గదా?" అని ఓబులేసును అడిగాడు. అవునన్నాడు ఓబులేసు. "ఇది నీళ్ళలోనే బతికిన తోలు" అంటూ మత్తయి తోలు కోసే రంపె ఆనించి మొదటి కోత కోశాడు. దాసరయ్య కుట్టిన కాకికాలు ఉన్న ముక్కను మాత్రం విడిగా కోసి దెబోరా చేతికిచ్చాడు.

గురువారం తెల్లవారకముందే మొదలుపెట్టారు. ఇనుప పట్టీ ఎంత వెడల్పో, ముక్కు ఎంత పొడుగుండాలో, గాడి ఎంత లోతుండాలో ఓబులేసు నాపబండ మీద బొగ్గుతో గీశాడు. మత్తయి ప్రతి గీతకూ మూడు ప్రశ్నలు వేశాడు. ఎప్పుడూ బెట్టుగా ఉండే మనిషి ఆ రోజు బళ్ళో కూర్చున్నట్టు కూర్చున్నాడు. నాలుగు పొరల తోలు, అడుగు వంగకుండా మధ్యలో పల్చని తుమ్మచెక్క, మైనం పట్టించిన దారం. ఆ మందానికి ఆరె దిగాలంటే ఒక మనిషి బలం చాలదు. దారం రెండో కొసను ఓబులేసు పట్టుకుని లాగాడు.

సుబ్బరాయుడు కొడుకును వెతుక్కుంటూ వచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. ఓబులేసు బూటు తొడుక్కుని, సైకిల్ బ్రేకు తీగతో, ఇనుప పట్టీతో, జారే చెక్కకు బదులు ఒక పలకకు కట్టేయించుకుని, బొక్కబోర్లా పడబోతున్నవాడిలా ముందుకు వాలి ఉన్నాడు. వెనక మత్తయి పలక మీద గొంతుకూర్చుని దాన్ని అదిమి పట్టుకున్నాడు.

"ఏందిరా ఇది? మీ యమ్మ అన్నం పెట్టుకోని కూర్చోనుంటే, మాదిగిండ్ల కాడ ఈ కోతి ఆటేంది?"

"మాట్లాడొద్దు నాయనా. పలక మీదికెక్కు, మత్తయన్న బరువు చాల్యా" అన్నాడు కొడుకు.

సుబ్బరాయుడు ఆ చోట కూర్చోవడం పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ లేదు. కొడుకు మొహం చూశాడు, మత్తయి మొహం చూశాడు. తువ్వాలు నడుముకు బిగించి మత్తయి పక్కనే పలక మీద కూర్చున్నాడు. ఓబులేసు బలమంతా పెట్టి ముందుకు ఉరికాడు. పలక కిర్రుమంది. తీగ గాడిలోంచి జరగలేదు, ముక్కు పట్టీలోంచి ఊడలేదు. ఇద్దరు ముసలాళ్ళూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఆపుకోవాల్సి వచ్చింది.

"నిలిచింది! ఇంక కాకికాలు ఎయ్యన్నా" అన్నాడు ఓబులేసు.

మత్తయి తల అడ్డంగా ఊపాడు. "ఎయ్యను. ఒకసారి బేగిరపడి ఏసి పీకినా. నేను జన్మలో చూడని నేల మీద తిరిగే బూటిది. ఆడ నిలవనీ. ఊరికే పూచీ ఇచ్చే అలవాటు మా ఇంట్లో ల్యా."

ఓబులేసు గుర్తు లేని బూట్లతోనే రైలెక్కాడు.

ఆ ఏడాది మత్తయి నోట "యా ఊరోడో చెప్తా" అన్న మాట రాలేదు. టీ అంగడివాళ్ళు కవ్వించినా రాలేదు. జనవరి వచ్చింది, మార్చి పోయింది. సుబ్బరాయుడు కనపడినప్పుడల్లా మత్తయి ఉత్తరం సంగతి అడిగేవాడు. "బాగుండాడంట" అనేవాడు సుబ్బరాయుడు. "వాడు బాగుంటే సరే, బూట్లెట్లుండాయంట?" అని ఆయన పోయాక మత్తయి తనలో తనే గొణుక్కునేవాడు.

మళ్ళీ నవంబరు వచ్చింది. నంద్యాల బస్సులోంచి ఓబులేసు ట్రంకుపెట్టెతో దిగి, ఇంటికి కూడా పోకుండా నేరుగా పందిరి కిందికి వచ్చి, అదే గోనెసంచి మత్తయి ముందు పెట్టాడు. తెగినందుకే తెచ్చాడు, ఇంకెందుకు తెస్తాడు? అనుకుంటూ మత్తయి బూటు తీసి తిరగేశాడు. ముక్కు ఉంది. ఇనుప పట్టీ ఒరుసుకున్న చోట అద్దంలా మెరుస్తోంది. గాడి లోపల ఉక్కుతాడు తిరిగిన జాడ నల్లగా, నున్నగా ఉంది. కుట్లు ఒక్కొక్కటీ గోటితో గీకి చూశాడు. ఒక్కటీ కదల్లేదు. అడుగున అరుగుదల లేదు, నాపబండ మీద గీసినట్టే ఉంది.

"ఏం తెగిందప్పా?"

"ఏం తెగల్యా."

"శిక్షణ?"

"నెగ్గినా అన్నా. ఇప్పుడు నేనే ఉస్తాదు. కొత్త పిల్లోళ్ళకు జారేది నేర్పిస్తాండా, ఈ బూట్లేసుకోనే."

"మరి మూడు దినాలు రైల్లో ఈ బరువెందుకు మోసుకొస్తివప్పా?"

ఓబులేసు బూటు మడమ లోపలివైపు తిప్పి, ఖాళీగా ఉన్న చోటు వేలితో చూపించాడు. "కాకికాలు ల్యాకుండా మా నాయన యెప్పుడన్నా చెప్పు తీసుకోని పోయినాడా? నేను మాత్రం యెట్ల పోతా?"

"మే దెబోరా, ఆరె తే!" అని మత్తయి అరిచాడు. ఆరె ఒళ్ళోనే ఉంది. మూడు కుట్లు వేయడానికి రెండుసార్లు ఆగి తువ్వాలుతో కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. రెండో బూటుకూ వేసి, బస్సు కోసం నిలబడినవాళ్ళంతా చుట్టూ మూగాక, జత ఎత్తి పట్టుకున్నాడు. ఏడాదిగా దిగమింగుకున్న మాట అప్పుడు బయటికి వచ్చింది.

"మనిషి మొకం నాకు చూపీద్దు. ఈ బూట్లు యా ఊరివో చెప్తా, ఇనుకోండి. ఇవి ఆళ్ళగడ్డవి!"