ఆంథోని పుట్టించిన రోగులు

"...మొన్ననే తగ్గింది గదా! దేవ్లాకు మళ్లా జ్వరమేంది?"

"వానల తడిసిండు సార్. తిరగబెట్టింది."

"తడవనీకి ఆ దేవ్లా అసలుంటే గదా!"

దేవ్లా లేడు. ఆ సంగతి ఆంథోనికీ తెలుసు. కానీ లేని మనిషిని రాయాల్సి వచ్చినా సరే, వాడికో ఊరు, ఓ రోగం, ఓ తిక్క అంటగట్టకుండా వదిలేయడం అతనికి చేతకాదు.

అది పందొమ్మిది వందల తొంభై ఏడు. కొత్తగూడెంలో కంప్యూటర్ సెంటర్ నడుపుతున్న చెంచురామయ్య, అడవి అంచున ఉన్న ఒక మిషన్ దవాఖానాకు రోగుల చీటీల ప్రోగ్రాం రాశాడు. సంతరోజు జనం విరగబడితే అది తట్టుకుంటుందో లేదో ముందే చూసుకోవాలి. అందుకు మూడు వేలమంది ఉత్తుత్తి రోగులు కావాలి. వాళ్లను కంప్యూటర్లో కొట్టే పని అతని దగ్గర పనిచేసే ఆంథోనిది. సోమవారం డాక్టరమ్మ ముందు ప్రారంభం. అక్కడ పరువు పోతే చెంచురామయ్యను ఆ చుట్టుపక్కల మళ్లీ పిలిచేవాడుండడు.

"ఒక్క రాములును కొట్టు, మూడువేల సార్లు కాపీ చెయ్" అన్నాడు.

"అందరికీ ఒక్కటే రోగమైతే అది దవాఖానా కాదు సార్, గత్తరొచ్చిన ఊరు!"

ఆంథోని ఇక ఆగలేదు. మంగీలాల్‌కు షుగర్ పెట్టాడు, ఆ తర్వాత టీ కొట్టు దగ్గర బెల్లం చూసి అతని కోసం నిట్టూర్చాడు. పూలికి నెలలు నిండాయని చర్చిలో పైకే ప్రార్థించాడు. "ఎవరా పూలి?" అని భార్య లిదియా నాలుగు రోజులు మాట్లాడలేదు.

శనివారం పరీక్ష. చెంచురామయ్య తన రాములు కాపీలతో మొదలుపెట్టాడు. రెప్పపాటులో చీటీ వచ్చింది.

"చూసినవా?"

"మొదటి వరుసల్నే రాములు దొరుకుతుండు సార్, ఇంక వెతికేదేముంది? మావోళ్లను పిలువుండ్రి."

పూలిని పిలిచారు. కంప్యూటర్ మూలిగింది. టీ చల్లారింది. నాలుగు నిమిషాలకు చీటీ వచ్చింది.

"గిట్లయితే చీటీ వచ్చేలోపల పిల్ల పుట్టి బడికి పోతది సార్!"

చెంచురామయ్య కీబోర్డు అందుకున్నాడు. మధ్యాహ్నం దాకా కూర్చుని, పేర్లు జల్దీ దొరికేలా ప్రోగ్రాం తిరగరాశాడు. ఈసారి చీటీలు వరసగా రాలాయి. నాలుగు వందల పన్నెండో మనిషి, రూప్లి దగ్గర మాత్రం ఆగిపోయాయి. వయసు గడి ఖాళీ.

"వయసేది?"

"ఆమెకు తెల్వది సార్. ఎన్కట ఎప్పుడో గోదారి పెద్ద వరదొచ్చిన ఏడు నడక నేర్చిందట."

"ఉత్తుత్తి మనిషికి వరదేందయ్యా! నలభై అని కొట్టు."

ఆంథోని కొట్టలేదు.

"ఈమె ఉత్తుత్తి కాదు సార్. పోయిన సంతరోజు పేర్ల కోసం దవాఖానా వరుసల నిలవడితే, ఈమె నా ముందల ఉండె. వయసడిగిండ్రు. చెప్పరాలే. సిగ్గుపడి, చీటీ లేకుంటనే అడివిబాట పట్టింది. పేరొక్కటి మార్చిన. కడుపునొప్పి మార్చలే."

ఖాళీ గడిలో గీత మిణుకుమంటోంది. చెంచురామయ్య ఫోన్ దగ్గరికి లాక్కున్నాడు.

"డాక్టరమ్మా, సోమవారం మొదలుపెడ్తలేం. వయసు చెప్పరాకున్నా చీటీ వచ్చేటట్టు చేసి, గురువారం సంతకు తెస్తం. దేవ్లా జ్వరం గూడ అప్పటికి తగ్గుతది."